ఎర్ర బంతి బదులు మెకానిక్

“కదలకండి!”

తలుపు దగ్గర్నుంచి వచ్చిన ఆ కేకకి మెకానిక్ ఉన్నచోటే బిగుసుకుపోయాడు. అప్పటికి అతను నేల మీద బోర్లా పడుకుని, తలనీ ఒక చేతినీ గుడ్లు పొదిగే మెషిన్ కింద దూర్చి, పళ్ల మధ్య స్క్రూడ్రైవర్ పట్టుకుని ఉన్నాడు. బయటికి కనిపిస్తున్నది నడుము నుంచి కిందిభాగం, దాని చివర ఒక జత ఆకుపచ్చ రబ్బరు బూట్లు.

“నేను కదల్లేదండీ,” అన్నాడు స్క్రూడ్రైవర్ ఊసేసి. “అవే కదులుతున్నాయి.”

అవి అంటే బాతుపిల్లలు. డజను ఉన్నాయి. గుడ్డులోంచి బయటపడి గట్టిగా ఒక పూట కూడా కాలేదు, ఒంటి మీద నూగు ఇంకా సరిగ్గా ఆరలేదు. అయినా అప్పుడే అతని బూట్ల వెనక వరసకట్టి, హాజరు వేసే టీచర్ కోసం చూస్తున్న పిల్లల్లా బుద్ధిగా నిలబడ్డాయి.

కేక వేసిన అమ్మాయి తెల్లకోటు వేసుకుని, చంకలో ఒక ఎర్ర బంతి పెట్టుకుని ఉంది. ఆ బిల్డింగులో అందరూ ఆమెని డాక్టరమ్మ అంటారు. డాక్టరేట్ ఇంకా రాలేదు. వచ్చేలోపు అలవాటైపోతే మంచిదని ముందే పిలిచేస్తున్నారు. మెదడు ఎలా ఎదుగుతుంది, ఎలా నేర్చుకుంటుంది అన్నది ఆమె చదువు. ఆ క్షణంలో ఆమె సొంత మెదడు మాత్రం పూర్తిగా పనిచేయడం మానేసింది.

“మెల్లగా బయటికి రండి. వాటి వైపు చూడకండి.”

అతను మెల్లగా వెనక్కి పాకి లేచి నిలబడ్డాడు. ఒక అడుగు పక్కకి వేశాడు. డజను పిల్లలూ వేశాయి. ఆగాడు. అవీ ఆగాయి. మనవాడికి సరదా పుట్టి గదిచుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఊరేగింపు కూడా చక్కగా తిరిగొచ్చింది.

“అయ్యో, తిరగకండి! ప్రతి అడుగుకీ ఇంకా గట్టిపడిపోతుంది!”

డాక్టరమ్మ ఎర్ర బంతిని నేల మీద దొర్లించింది. బాతుపిల్లలు దాన్ని ఒకసారి చూసి, భయపడి బూట్ల వెనక దాక్కున్నాయి.

“తప్పేమైనా జరిగిందా అండీ?” అన్నాడు మెకానిక్.

“తప్పా? నా థీసిస్ మొత్తం మీ బూట్ల వెనక నిలబడి ఉంది!”

జరిగింది ఇది. బాతుపిల్ల పుట్టగానే దాని మెదడులో ఒక కిటికీ తెరుచుకుంటుంది. కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో కళ్ల ముందు ఏది కదిలితే అదే అమ్మ అని లోపల ముద్ర పడిపోతుంది. అది బాతు కానక్కర్లేదు, బకెట్ అయినా చాలు. డాక్టరమ్మ ఏర్పాటు ప్రకారం ఈ పిల్లలకి అమ్మ కావలసింది ఎర్ర బంతి. అందుకోసం నెలల తరబడి చీకటిగది సిద్ధం చేసుకుంది. సరిగ్గా పిల్లలు బయటికొచ్చే రోజున మెషిన్లో వేడి ఆగిపోయింది. కంగారుగా రిపేరు షాపుకి ఫోన్ చేసింది. మెకానిక్ రాగానే ముందు మెషిన్ మీద నల్లగుడ్డ కప్పాలనుకుని ఆమె మెయిన్ గేటు దగ్గర కాపలా కాసింది. బండి పెట్టుకోవడానికి నీడ ఉందని అతను వెనక గేటు నుంచి వచ్చి మెషిన్ తలుపు తెరిచేశాడు.

“మళ్లీ గుడ్లు పెట్టించలేరా?”

“కొత్త గుడ్లు మళ్లీ వచ్చే సీజన్లోనే. ప్రాజెక్టుకి డబ్బులిచ్చే బోర్డు కూర్చునేది అంతకు ముందే. వాళ్లకి చూపించడానికి ఏమీ లేకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. ఇన్నేళ్ల చదువు గాలికి పోతుంది.”

ఆమె కళ్లలో నీళ్లు చూసేసరికి మెకానిక్ చేతులు జేబుల్లో పెట్టి తీశాడు. ఓదారుద్దామని రెండడుగులు ముందుకు వేశాడు. వెనకే డజను పిల్లలూ వచ్చాయి. వాటిని చూసి ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

“రిపేరు చేయలేమా అండీ?”

“మెదడుకి మెకానిక్ లేడు!”

సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ ప్రొఫెసర్ వచ్చాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదుటి మనిషి ముఖం చూడడు, తల పైభాగం చూసి మాట్లాడతాడు. చేతిలో ఎప్పుడూ విడదీసి బిగించే ప్లాస్టిక్ మెదడు ఒకటి ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాంట్లోంచి ఏదో ఒక ముక్క కింద పడేసుకుంటాడు.

“ఏడుస్తున్నది నువ్వు కాదమ్మాయ్,” అన్నాడు ఓదార్పుగా. “లోపల బాదంగింజంత ముక్క ఒకటుంటుంది, భయాలన్నీ దానివే. దాన్ని కాస్త ఆగమను.”

“ఆగనంటోంది సార్.”

పెద్దాయన బాతుపిల్లల్ని చూశాడు. బూట్లని చూశాడు. మెకానిక్ నడినెత్తిని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“బాబూ, నువ్వు వీటికి తల్లివి.”

“సార్, నాకింకా పెళ్లే కాలేదు.”

“దానికీ దీనికీ సంబంధం లేదు. అమ్మాయ్, ప్రయోగం పోలేదు. ప్రశ్న మారింది, అంతే. ఈ మనిషిలో ఇవి ఏం చూశాయి? చొక్కానా? బూట్లా? గొంతా? నడకా? అది మొదటి భాగం. ఈ ముద్రని చెరిపి, బంతిని మళ్లీ నేర్పగలమా? అది రెండో భాగం. బాబూ, నువ్వు రోజూ పొద్దున రావాలి.”

మెకానిక్ డాక్టరమ్మ వైపు చూశాడు. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. నేల మీది బంతి కంటే అదే ఎక్కువ ఎర్రగా ఉంది.

“వస్తాను సార్,” అన్నాడు. ఎందుకన్నాడో తర్వాత చాలాసేపు ఆలోచించాడు గానీ తేలలేదు. మనకి తేలిపోయింది.

*

మనిషిని ప్రయోగంలో వాడుకోవాలంటే అనుమతులు కావాలట. అవి వచ్చేసరికి బాతులు ముసలివైపోతాయి. పరికరానికైతే ఏ అనుమతీ అక్కర్లేదు. అందుకని స్టోర్స్ ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా మెకానిక్‌ని పరికరాల్లో కలిపేసి, చొక్కా జేబు మీద ఒక స్టిక్కర్ అంటించింది.

“వారంటీ ఎంత రాయమంటావు నాయనా?” అని అడిగింది.

“జీవితాంతం రాయండి,” అన్నాడు డాక్టరమ్మ వైపు చూస్తూ. డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది.

దీనివల్ల ఇంకో చిక్కు వచ్చింది. ల్యాబ్ పరికరం గేటు దాటాలంటే పాస్ ఉండాలి. వాచ్‌మన్ నిక్కచ్చి మనిషి. రోజూ పని అయ్యాక డాక్టరమ్మ సంతకం పెట్టిన చీటీ చూపిస్తే గానీ మెకానిక్‌ని బయటికి వదిలేవాడు కాదు. చీటీలో ‘సర్వీసుకి పంపడమైనది’ అని ఉండేది.

ప్రయోగాలు మొదలయ్యాయి. మొదట చొక్కా. అతని చొక్కాని తుడుపుకర్రకి తొడిగి గదిలో నడిపించారు. బాతుపిల్లలు దయ్యాన్ని చూసినట్టు మూలకి పారిపోయాయి. తర్వాత బూట్లు. పెద్దాయన వాటిని తొడుక్కుని, లోపల పాదాలు అటూ ఇటూ జారుతుంటే నాలుగడుగులు వేశాడు. పిల్లలు వచ్చి బూట్లని ముక్కులతో పొడిచి, లోపల ఉన్నది వేరే మనిషని తేల్చుకుని వెళ్లిపోయాయి. గొంతు రికార్డ్ చేసి స్పీకర్లో పెడితే పరిగెత్తుకుంటూ వచ్చాయి. స్పీకర్ వెనక్కి వెళ్లి చూశాయి. అక్కడ ఎవరూ లేకపోయేసరికి ఏడుపు లంకించుకున్నాయి.

“పాపం అండీ,” అన్నాడు మెకానిక్ పక్కగదిలోంచి.

“మాట్లాడకండి. డేటా పాడవుతుంది,” అంది డాక్టరమ్మ. ఆమెకీ పాపం అనిపించింది. చెప్పలేదు.

మధ్యమధ్యలో అతను అడిగేవాడు, ఆమె చెప్పేది. మొదట్లో విసుక్కుంటూ చెప్పేది. తర్వాత అతను అడగకపోయినా చెప్పేది.

“పుట్టినప్పుడు మెదడులో అవసరానికి మించి కనెక్షన్లుంటాయి. వాడినవి గట్టిపడతాయి. వాడనివాటిని మెదడే కత్తిరించి పారేస్తుంది.”

“మా ఓనర్ కూడా అంతేనండీ. పని తక్కువున్న నెలలో మొదట కత్తెరే తీస్తాడు.”

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. వెంటనే దగ్గినట్టు నటించింది. దగ్గు మరీ ఎక్కువసేపు వచ్చింది.

ఇక మిగిలింది నడక. పెద్దాయనకి మోకాళ్లు సహకరించవు. కాబట్టి మెకానిక్ నడకని డాక్టరమ్మే నేర్చుకోవాలి. కొన్ని రోజులపాటు అతన్ని వరండాలో అటూ ఇటూ నడిపించి, గోడకి ఆనుకుని కన్నార్పకుండా చూసింది. ఎడమభుజం కాస్త కిందికి వాలుతుంది. మలుపు దగ్గర కాలు కంటే ముందు తల తిరుగుతుంది. ఆగేముందు ఒక చిన్న తూగు ఉంటుంది. అంతా పట్టేసింది.

ఒకరోజు ఆమె బూట్లు తొడుక్కుని అచ్చం అతనిలా నడిచింది. నాలుగు బాతుపిల్లలు వెంటపడ్డాయి. మిగతావి అనుమానంగా చూస్తూ నిలబడ్డాయి.

“నేనలా నడుస్తానా?” అన్నాడు మెకానిక్ నివ్వెరపోయి.

“ఇంకా ఘోరంగా నడుస్తారు. నాకు వచ్చినంత వరకు చేశాను.”

ఆ సమయానికే డాక్టరమ్మ బామ్మ భోజనం డబ్బా పట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చింది. తల్లీ తండ్రీ లేని మనవరాలిని పెంచి పెద్దచేసింది ఆవిడే. మాటకి మాట అప్పజెప్పే మనిషి. గుమ్మంలో నిలబడి, ముందు మెకానిక్ కాళ్ల చుట్టూ ఉన్న గుంపుని చూసింది.

“ఏమే, ఇంత సంతానం ఉన్నవాడని చెప్పలేదేం?”

“బామ్మా! అవి బాతులు.”

“కనబడుతోంది లేవే. పోలికలు తండ్రివే వచ్చాయి.” తర్వాత మనవరాలి కాళ్ల వైపు చూసింది. “అది సరే, నువ్వెందుకు అతనిలా నడుస్తున్నావు?”

“సైన్స్ బామ్మా.”

“మా రోజుల్లో దీన్ని వేరే పేరుతో పిలిచేవాళ్లం,” అంది బామ్మ. డబ్బా బల్ల మీద పెట్టి, మెకానిక్‌ని ఎగాదిగా చూసి, “నువ్వు తిన్నావా నాయనా?” అని అడిగింది.

ఆ రోజు నుంచి డబ్బా బరువు పెరిగింది.

*

నెలాఖరు మీటింగులో డాక్టరమ్మ తను గమనించినవన్నీ ల్యాబ్ వాళ్ల ముందు చదివి వినిపించింది.

“ఒక్కొక్క లక్షణం విడిగా పనిచేయడం లేదు సార్. చొక్కా కాదు, బూట్లు కాదు, గొంతు కాదు. మనిషి మొత్తం కావాలి. ఇంకా కొన్ని చిన్న విషయాలున్నాయి. నవ్వబోయే ముందు ముక్కు కాస్త వంకర తిరుగుతుంది. ఎవరైనా బాధగా ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టి తీస్తుంటాడు. ఎవరూ చూడట్లేదనుకుంటే ఈల వేస్తాడు. ఈలలో శ్రుతి లేదు. అయినా వినాలనిపిస్తుంది.”

పెద్దాయన చేతిలోంచి ప్లాస్టిక్ మెదడు ముక్క ఒకటి జారిపడింది.

“ఎవరికి వినాలనిపిస్తుంది?” అన్నాడు.

“బాతులకి సార్.”

“ఆహా,” అన్నాడు పెద్దాయన, ఈసారి మాత్రం ఆమె ముఖం కేసే చూస్తూ.

ఆ సాయంత్రం వాన. మామూలు వాన కాదు. ఊళ్లో గొడుగులన్నీ తిరగేసి, వాటి యజమానుల్ని నలుగురిలో నవ్వులపాలు చేసిన వాన. మెకానిక్ గేటు పాస్ చేతిలో పట్టుకుని బయల్దేరాడు. ఎవరో తలుపు సరిగ్గా వేయలేదు. అతను వాచ్‌మన్ దగ్గరికి చేరేసరికి డజను పిల్లలూ వెనకే ఉన్నాయి. వానలో తడుస్తూ, గుంటల్లో దూకుతూ, పండగ చేసుకుంటున్నాయి.

“నీకు పాస్ ఉంది. వీటికి లేదు,” అన్నాడు వాచ్‌మన్.

“నా వెంటే వచ్చేశాయి అన్నా. నేనేం చేయను?”

“లోపలికి తీసుకుపో.”

“నేను లోపలికెళ్తే నాకు మళ్లీ పాస్ కావాలి కదా?”

“కావాలి మరి.”

గొడుగు పట్టుకుని డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. గాలికి గొడుగు సగం తిరగబడి ఉంది. ముగ్గురూ కలిసి బాతుల్ని ల్యాబ్ దారి పట్టించారు. వాటిని అద్దాల తలుపు లోపలికి తోలాక వాచ్‌మన్ వెళ్లిపోయాడు, ఇద్దరూ మెట్ల మీద వానలో మిగిలారు. గొడుగు ఒక్కటే, తడవకుండా ఉండే చోటు దాని కింద జానెడే. మెకానిక్ ఒక భుజం పూర్తిగా వానకి వదిలేశాడు.

“మీరంటే నాకు ఇష్టమండీ,” అన్నాడు. ఉపోద్ఘాతం అతనికి చేతకాదు. “మొదటి రోజు మెషిన్ కింద నుంచి బయటికొచ్చి మిమ్మల్ని చూశాను చూడండి, అప్పట్నుంచీ.”

డాక్టరమ్మ గుండె గబగబా కొట్టుకుంది. ఆమె చదువు మాత్రం వెంటనే అడ్డుపడింది.

“మొదటిసారి చూడగానే వెంటపడడం బాతుల పని.”

“అదేంటండీ?”

“రోజూ ఒకే గది, ఒకే టైము, ఒకే మనుషులు. కాస్త కంగారు, కాస్త నవ్వు, బామ్మ డబ్బా. ఇలా ఎవరినిద్దర్ని పెట్టినా మెదడు దానికి ఇష్టమని పేరు పెట్టుకుంటుంది. ఇది అలవాటండీ. మీకు కనపడకుండా పోతే నేను గుర్తుండను.”

“మీకు? మీకు నేను గుర్తుండనా?”

ఆమె తిరగబడిన గొడుగుని సరిచేయబోయింది, అది సరికాలేదు.

“రేపట్నుంచి రెండో భాగం,” అంది చివరికి. “మిమ్మల్ని వాటికి కనపడనివ్వకూడదు. బంతిని నేర్పాలి. బోర్డు రోజున బంతిని ఒక వైపు, మిమ్మల్ని ఒక వైపు పెట్టి చూస్తాం. మనం కూడా అలాగే చేద్దాం. అప్పటిదాకా ఒకరికొకరం కనపడొద్దు. ఫోన్లు కూడా వద్దు. ఉంటుందో పోతుందో అదే తేలుతుంది.”

“పోకపోతే?”

“అప్పుడు చూద్దాం.”

మెకానిక్ జేబుల్లో చేతులు పెట్టాడు, తీశాడు. “సరేనండీ. మీ మెషిన్లకి ఏమైనా అయితే మా షాపులో ఇంకో కుర్రాడున్నాడు,” అని చెప్పి వానలోకి వెళ్లిపోయాడు. వెనక అద్దాల తలుపుకి డజను ముక్కులు ఆనుకున్నాయి. వాటి పైన ఇంకో ముక్కు కూడా ఆనుకుంది గానీ అది అతను చూడలేదు.

*

బాతుపిల్లలు మొదట్లో తిండి ముట్టలేదు. తలుపు దగ్గరే కూర్చుని అరిచాయి. డాక్టరమ్మ ఎర్ర బంతిని వెచ్చటి దీపం కింద తిప్పుతూ, పక్కన గింజలు పోసి, ఓపిగ్గా కూర్చుంది. కొన్నాళ్లకి ఒకటి బంతి దగ్గరికి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. బంతి తిరిగితే తిరగడం, ఆగితే ఆగడం మొదలైంది. తను పందెం కాసిన గుర్రం గెలుస్తుంటే ఎవరికైనా సంతోషం ఉండాలి. ఆమెకి మాత్రం ప్రతి కొత్త బాతు బంతి వైపు వెళ్లినప్పుడల్లా ఒళ్లు మండేది.

“ఇంత తొందరగా మర్చిపోతారా మీరు?” అని ఒకరోజు వాటిని గట్టిగా తిట్టింది. తిట్టాక చుట్టూ చూసుకుంది.

ల్యాబ్‌లో ఆ రోజుల్లో ఏ యంత్రమూ చెడిపోలేదు. ఇంత నమ్మకంగా పనిచేసే యంత్రాలు ఆమెకి జీవితంలో తగల్లేదు.

అక్కడ మెకానిక్ సంగతి కూడా ఏమీ బాగాలేదు. రోడ్డు మీద నడుస్తూ వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు పోలేదు. మలుపు తిరిగేముందు ఆగి, అందరూ వచ్చారో లేదో చూసుకునేవాడు. ఎవరూ ఉండేవాళ్లు కాదు. షాపులో ఓనర్ రెండుసార్లు, “ఎవరికోసం రా చూస్తావు?” అని అడిగాడు.

ఇద్దరినీ చూడలేక బామ్మ ఒక పని చేసింది. ఇంట్లో ఫ్రిజ్ ప్లగ్ పీకేసి, షాపుకి ఫోన్ చేసి, “మీ దగ్గర ఈల వేసే కుర్రాడున్నాడు కదా, అతన్నే పంపండి,” అంది.

మెకానిక్ వచ్చాడు. ఫ్రిజ్‌ని ముందుకి లాగి వెనక్కి వెళ్లాడు. నేల మీద వేలాడుతున్న ప్లగ్‌ని చూశాడు. బామ్మని చూశాడు. బామ్మ గోడని చూసింది.

“పెద్ద ప్రాబ్లమే అండీ,” అన్నాడు మర్యాదగా.

“నిదానంగా చెయ్యి నాయనా. అది వచ్చే వేళయింది.”

‘అది’ ఎవరో అర్థమై మెకానిక్ హడలిపోయాడు. మాట ఇచ్చాడు కదా. అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. పారిపోవడానికి దారి లేక ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులో ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఫ్రిజ్ అతన్ని దాచింది గానీ ఆకుపచ్చ బూట్లని దాచలేకపోయింది.

డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చి, బూట్లని చూసి, టక్కున వెనక్కి తిరిగి కళ్లు మూసుకుంది.

“బామ్మా, ఫ్రిజ్ వెనక ఎవరూ లేరు కదా?”

“ఎవరుంటారే? ఎవరూ లేరు.”

“లేని మనిషి బాగున్నాడా?”

బామ్మ ఫ్రిజ్ వెనక్కి తొంగిచూసింది. “చిక్కిపోయాడు.”

“తినమని చెప్పు.”

“తినమంటోంది నాయనా.”

“తింటానని చెప్పండి,” అంది ఫ్రిజ్.

డాక్టరమ్మ కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంది. “బామ్మా, ఆ లేని మనిషికి... ఆ విషయం పోయిందా, ఇంకా ఉందా అడుగు.”

ఫ్రిజ్ వెనక ఊపిరి తీసుకున్న చప్పుడైంది.

“వద్దు వద్దు! చెప్పొద్దని చెప్పు!” అంటూ ఆమె చెవులు మూసుకుంది. “బోర్డుకి ముందు రిజల్ట్ చూడకూడదు!”

చెవులు మూసుకుని, కళ్లు మూసుకుని, మోచేతులతో దారి తడుముకుంటూ తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. బామ్మ మెకానిక్‌ని బయటికి లాగి, “దీనికి ఇంత చదువు నేనే చెప్పించాను నాయనా, నన్ను నేనే అనుకోవాలి,” అంది.

*

బోర్డు రోజు హాలు నిండింది. మధ్యలో మోకాలెత్తు కంచె కట్టారు. ఒక కొసన ఎర్ర బంతి. రెండో కొసన మెకానిక్. మధ్యలో తట్ట కింద బాతులు. ఇప్పుడవి పిల్లలు కావు, తెల్ల ఈకలు వచ్చిన గడుసు కుర్రవాళ్లు. బోర్డువాళ్లు ముందు వరసలో, బామ్మ వెనక వరసలో కూర్చున్నారు.

ఇన్నాళ్ల తర్వాత డాక్టరమ్మ, మెకానిక్ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె గబుక్కున చేతిలోని కాగితాల్లోకి చూసింది. కాగితాలు తలకిందులుగా ఉన్నాయి.

“బాతులు బంతి వైపు వెళ్తే, మొదటి ముద్రని మార్చి కొత్తది నేర్పగలమని తేలుతుంది,” అని పెద్దాయన బోర్డుకి వివరించాడు. “మా అమ్మాయి చెబుతున్నదీ అదే. ఈ మనిషి వైపు వెళ్తే, తప్పని తేలుతుంది.”

మెకానిక్‌కి అర్థమైంది. తను ఓడితే ఆమె చదువు నిలబడుతుంది. కానీ తను ఓడితే, ఏ ముద్ర అయినా పోతుందని ఆమెకి రుజువు దొరికినట్టే. అప్పుడు తనని ఎందుకు నమ్ముతుంది? ఒక్క క్షణం ఆలోచించాడు. ఓడిపోదామనే నిర్ణయించుకున్నాడు.

తట్ట ఎత్తారు. బంతి తిరగడం మొదలైంది. “నడవండి,” అంది డాక్టరమ్మ.

మెకానిక్ నడిచాడు. కుడిభుజం వంచి, కుంటుతూ, పాదాలు పక్కలకి తిప్పి, ఎవరూ ఎన్నడూ నడవని ఒక వింత నడక నడిచాడు. బోర్డు ఛైర్మన్ కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఏం చేస్తున్నారు?” అంది డాక్టరమ్మ.

“నడుస్తున్నానండీ.”

“అది మీ నడక కాదు!”

“ఇప్పుడిలాగే నడుస్తున్నాను. మారిపోయాను.”

“అబద్ధం! ఎడమభుజం ఏదీ? ఆ తూగు ఏదీ?” ఆమె ముఖం ఎర్రబడింది. “దొంగ గెలుపు నాకొద్దు. ప్రాజెక్టు పోతే పోనీ. మీరు మీలా నడవండి!”

మెకానిక్ తల వంచుకుని, బాతుల్ని పట్టి మళ్లీ తట్ట కింద పెట్టి తీసేదాకా ఆగి, తనలా నడిచాడు. ఎడమభుజం వాలింది. మలుపు దగ్గర తల ముందు తిరిగింది. అలవాటు కొద్దీ వెనక్కి చూసుకున్నాడు.

బాతులు తలెత్తి అతన్ని చూశాయి. రెండు అతని వైపు కొంచెం దూరం వచ్చి ఆగాయి. ఒకటి మధ్యలో కూర్చుని నిద్రపోయింది. తక్కినవన్నీ ఎర్ర బంతి వెనక వరసకట్టాయి. ఆ రెండూ కూడా కాసేపు తటపటాయించి, వెనక్కి తిరిగి వరసలో కలిసిపోయాయి.

“కొత్తది నేర్చుకున్నాయి!” పెద్దాయన చప్పట్లు కొట్టాడు. బోర్డువాళ్లు తలలూపారు.

మెకానిక్ కూడా చప్పట్లు కొట్టాడు. “కంగ్రాట్స్ అండీ,” అన్నాడు ఆ కొస నుంచి. నవ్వబోయాడు. ముక్కు వంకర తిరిగింది గానీ నవ్వు రాలేదు.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, కంచె దాటింది. బాతుల పక్కనుంచి నడిచి నేరుగా అతని ముందుకి వచ్చి నిలబడింది.

“మీకు పోయిందా?”

“లేదండీ. వాటికి పోయింది. నాకు పోలేదు.”

“నాకు మొదట్లో లేనే లేదు,” అంది. “మొదటి రోజు మిమ్మల్ని చూసి తిట్టాను. ముద్ర పడడానికి అవకాశమే లేదు. తర్వాత రోజూ చూశాను. ఒక్కొక్కటీ పట్టి పట్టి చూశాను. మీ నడక నేర్చుకున్నాను, ఆ శ్రుతి లేని ఈల నేర్చుకున్నాను, మీరు బాధపడితే చేతులేం చేస్తాయో నేర్చుకున్నాను. మీరు రాకపోతే మర్చిపోతానేమోనని కూడా చూశాను. మర్చిపోలేదు. ఇది నాకు దానంతటది జరగలేదండీ. నేను కష్టపడి నేర్చుకున్నది. నాకు పోగొట్టుకోవాలని లేదు.”

“అర్థమయ్యేలా చెప్పవే!” వెనక వరసలోంచి బామ్మ అరిచింది.

“ఇష్టమని చెబుతున్నాను బామ్మా!” అని డాక్టరమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

బోర్డు మొత్తం వింది. మెకానిక్ చేతులు జేబుల్లోకి వెళ్లాయి, బయటికి వచ్చాయి. ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతున్న వాటిలో ఒకదాన్ని ఆమె పట్టుకుంది.

ఛైర్మన్ గొంతు సవరించుకున్నాడు. “ప్రాజెక్టు కొనసాగించడానికి మాకు అభ్యంతరం లేదు. ఎవరికైనా ప్రశ్నలున్నాయా?”

బామ్మ చెయ్యెత్తింది. “పెళ్లెప్పుడు?”

“రేపే,” అన్నాడు మెకానిక్.

“థీసిస్ ఇచ్చాకే,” అంది డాక్టరమ్మ.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కడే, బోర్డు ముందే, పట్టుకున్న చెయ్యి వదలకుండా మొదటి దెబ్బలాట మొదలుపెట్టారు.